రాతలన్నీ పోయిన తత్వవేత్తను చదవడం ఎలా? సైరీన్ థియోడోరస్‌తో మొదలుపెట్టండి

పుస్తకం చేతిలో ఉంటే ఎవరైనా చదువుతారు. పుస్తకాలు రాసి, శిష్యుల్ని పోగేసుకుని, ఊళ్లనుంచి వెళ్లగొట్టించుకుని, చివరికి రాసినదాంట్లో ఒక్క పేజీ కూడా మిగలని మనిషిని చదవాలంటే మాత్రం కొంచెం పద్ధతి కావాలి. ఆ పద్ధతి పెద్ద యూనివర్సిటీల్లోనే ఉంటుందని, గ్రీకు, లాటిన్ రానివాళ్లకు అది అందదని చాలామంది మొదట్లోనే వదిలేస్తారు. నేను దీన్ని ఒప్పుకోను. కర్నూలులోనో గుత్తిలోనో ప్రొద్దుటూరులోనో ఉండి, ఒక ఫోను, ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక పెన్సిలు, ఒక పెన్ను, డిగ్రీ స్థాయి ఇంగ్లీషు ఉన్న ఎవరైనా చేయగల పని ఇది. డిగ్రీలో ఫిలాసఫీ చదివేవాళ్లకు, పోటీ పరీక్షల మధ్యలో బుర్రకు వేరే మేత కావాలనుకునేవాళ్లకు, రిటైరైన టీచర్లకు, హేతువాదుల మీటింగుల్లో గ్రీకు పేర్లు వాడేవాళ్లకు ముఖ్యంగా పనికొస్తుంది.

మొదటి పని మనిషిని ఎంచుకోవడం. ఇక్కడ పెద్ద పేరుకు పోకండి. సోక్రటీస్ కూడా ఏమీ రాయలేదు కదా, ఆయన్నే తీసుకుందాం అనుకుంటే మీ జీవితమంతా అందులోనే అయిపోతుంది, ఎందుకంటే ఆయన గురించి ప్లేటో, జెనొఫన్ రాసిందే గంపలకొద్దీ ఉంది. మనకు కావాల్సింది చిన్న మనిషి, మిగిలిన సమాచారమంతా కలిపినా కొన్ని పేజీలకు మించనివాడు. అప్పుడే ప్రతి ముక్కనూ తిప్పి తిప్పి చూడగలం. నేను చెప్పేది సైరీన్ థియోడోరస్ పేరు. ఇప్పటి లిబియాలో షహత్ అనే ఊరి పక్కన ఉన్న శిథిలాలే ఆ సైరీన్. సోక్రటీస్ దగ్గర కూర్చున్న అరిస్టిప్పస్ ఆ ఊరివాడే, ఆయన పరంపరలోనే థియోడోరస్ వచ్చాడు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం చివర, మూడో శతాబ్దం మొదట్లో బతికినవాడు. దేవుళ్ల గురించి ఒక పుస్తకం రాశాడు, దాంతో 'నాస్తికుడు' అన్నది ఆయన ఇంటిపేరులా అంటుకుపోయింది. ఆ పుస్తకం ఇప్పుడు లేదు.

పేరు ఎంచుకున్నాక, మీరు పట్టుకున్నది ఆ మనిషినేనా అని చూసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. అదే సైరీన్‌లో ఇంకో థియోడోరస్ ఉన్నాడు, లెక్కల పండితుడు, ప్లేటో ఆయన దగ్గర పాఠాలు విన్నాడని చెబుతారు, ప్లేటో సంభాషణల్లో పాత్రగా కూడా వస్తాడు. మన మనిషి ఆయన తర్వాత తరాలవాడు. గూగుల్‌లో ఊరుపేరు, మనిషిపేరు కొడితే ముందు లెక్కల ఆయనే వస్తాడు, వర్గమూలాల గురించి చదివేసి తత్వవేత్త ఖాతాలో వేసేయొద్దు. తత్వవేత్తల జీవితాలు రాసిన డయోజెనీస్ లయెర్షియస్ కూడా ఈ గొడవ పసిగట్టి, థియోడోరస్ పేరుతో ఇరవైమంది ఉన్నారని చెప్పి జాబితా ఇచ్చాడు. మన పల్లెల్లో ఒకే వీధిలో నలుగురు వెంకటేశులుంటే తండ్రిపేరు, ఇంటిపేరు అడుగుతాం కదా, ఇక్కడా అంతే, ఏ కాలం, ఎవరి శిష్యుడు అని అడగండి.

తర్వాతది ముక్కలు ఏరడం. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పత్తికొండ చేలల్లో జనం వజ్రాల కోసం ఎలా తిరుగుతారో మీకు తెలుసు, ఎవరూ గని తవ్వరు, వాన కడిగి పైకి తేల్చిన రాళ్లలో చూస్తూ నడుస్తారు, దొరికిన రాయి ఎవరి చేలో దొరికిందన్నది చాలా పెద్ద విషయమవుతుంది. పోయిన పుస్తకాల ముక్కలు కూడా వేరేవాళ్ల పుస్తకాల్లోనే దొరుకుతాయి. థియోడోరస్ ముక్కలున్న చేలు ఇవి: డయోజెనీస్ లయెర్షియస్, సిసెరో, సెనెకా, ప్లుటార్క్, సెక్స్టస్ ఎంపిరికస్, అలెగ్జాండ్రియా క్లెమెంట్, ఇంకా కొందరు, అంతా పాత గ్రీకు, రోమన్ రచయితలే. వీళ్లందరి పాత ఇంగ్లీషు అనువాదాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. పండితులు ఈ ముక్కలన్నీ ఏరి వరస నంబర్లు వేసిన సంకలనాలు కూడా ఉన్నాయి, విన్యార్చిక్ 1981లో వేసింది, జన్నాంతోని 1990లో వేసింది, కానీ అవి గ్రీకు, లాటిన్ మూలాలు, మనకు నంబర్లు సరిచూసుకోవడానికి పనికొస్తాయి, అంతే.

అన్నిటికంటే ముందు డయోజెనీస్ రెండో పుస్తకంలో 97 నుంచి 103 వరకు ఉన్న పేరాలు చదవండి. మొత్తం కలిపి టీ తాగే లోపు అయిపోతుంది. చదవగానే ఒక లెక్క వేసుకోండి. డయోజెనీస్ రాసింది క్రీస్తుశకం మూడో శతాబ్దంలో. అంటే థియోడోరస్‌కు ఆయనకు మధ్య దాదాపు ఐదు వందల ఏళ్లు. ఈ రోజు మనం కూర్చుని శ్రీకృష్ణదేవరాయల కాలపు మనిషి గురించి రాసినంత దూరం. అయినా ఒక్క వాక్యం దగ్గర ఆగండి. దేవుళ్ల గురించి థియోడోరస్ రాసిన పుస్తకం తన కంటపడిందని, అది తీసిపారేయదగ్గది కాదని డయోజెనీస్ అంటాడు. ఆ వెంటనే, పేరున్న తత్వవేత్త ఎపిక్యురస్ తన మాటల్లో చాలావరకు అందులోంచే తీసుకున్నాడని చెబుతారు, అని కూడా అంటాడు. ఒకే చోట ఉన్నా ఈ రెండు మాటల బరువు ఒకటి కాదు. మొదటిది కళ్లతో చూసినవాడి మాట. రెండోది 'చెబుతారు'. ఎవరు చెబుతారో లేదు. ఎపిక్యురస్ క్రీ.పూ. 341లో పుట్టి 270లో పోయాడు, థియోడోరస్ కాలంవాడే, కాబట్టి అలా జరగడానికి వీలుంది, కానీ జరిగిందనడానికి అది చాలదు. ఈ తేడా పట్టుకోవడం అలవాటైతే మిగతా పనంతా తేలికే.

ఇప్పుడు నోట్‌బుక్. పేజీకి ఒక ముక్క రాయండి, రెండు ఇరికించొద్దు. పైన ముక్క, కింద ఎవరు చెప్పారు, ఆయన ఎప్పటివాడు, ఆ మాట ఏ సందర్భంలో చెప్పాడు, థియోడోరస్ అంటే ఆయనకు ఇష్టమా కోపమా, ఇది థియోడోరస్ సొంత మాటా, అభిప్రాయాన్ని ఇంకొకరు కుదించి చెప్పిందా, లేక ఉత్త కథా. ఈ చివరి ప్రశ్న దగ్గర తొందరపడొద్దు. కొటేషన్ గుర్తులు చూసి సొంత మాట అనుకోకండి, ఆ గుర్తులు ఇప్పటి అనువాదకులు పెట్టినవి. తెలిసినది పెన్నుతో, మీ ఊహ పెన్సిలుతో. ఈ ఒక్క నియమం మాత్రం ఎప్పుడూ తప్పొద్దు, ఎందుకంటే ఆరు నెలల తర్వాత మీ నోట్‌బుక్ మీరే తెరిస్తే ఏది వాళ్లు చెప్పిందో ఏది మీరు అనుకున్నదో మీకే గుర్తుండదు.

కాలం కట్టడం తర్వాతి పని, నాకు బాగా ఇష్టమైన పని కూడా. థియోడోరస్ పుట్టిన ఏడు, పోయిన ఏడు ఎవరూ రాయలేదు, కానీ ఆయన చుట్టూ తిరిగిన రాజుల తేదీలు మనకు బాగా తెలుసు. ఏథెన్స్‌లో ఆయన్ను ఏరియోపాగస్ అనే పెద్దల సభ ముందుకు ఈడ్చబోతే ఫలేరమ్ డెమెట్రియస్ కాపాడాడని డయోజెనీస్ చెబుతాడు. డెమెట్రియస్ ఏథెన్స్‌ను ఏలింది క్రీ.పూ. 317 నుంచి 307 వరకు. అంటే ఆ గొడవ ఆ పదేళ్లలోనే జరిగి ఉండాలి. తర్వాత ఈజిప్టులో మొదటి టాలమీ కొలువులో ఉన్నాడు, ఆ రాజు తరఫున రాయబారిగా థ్రేస్ రాజు లైసిమాకస్ దగ్గరికి వెళ్లాడు. లైసిమాకస్ క్రీ.పూ. 281లో యుద్ధంలో చచ్చిపోయాడు, టాలమీ అంతకు ఏడాదో రెండేళ్లో ముందే పోయాడు, కాబట్టి ఆ రాయబారం ఆ లోపే. ఆఖరికి సొంత ఊరు చేరి మాగస్ అనే పాలకుడి దగ్గర గౌరవంగా బతికాడు. మాగస్ సైరీన్‌కు వచ్చింది క్రీ.పూ. 300 ప్రాంతంలో, 250 ప్రాంతంలో పోయాడు. ఇవన్నీ ఒక గీత మీద గుర్తులు పెడితే పుట్టిన తేదీ లేని మనిషికి కూడా ఒక జీవితం కనిపిస్తుంది.

ఈ మాగస్ పేరు దగ్గర మన జిల్లావాళ్లు కాసేపు ఆగాలి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది, అక్కడి కొండరాళ్ల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో పదమూడో శాసనం కళింగ యుద్ధం తర్వాత అశోకుడు పడ్డ బాధ గురించి చెప్పేది. ధర్మవిజయం ఎంతదూరం వెళ్లిందో చెబుతూ అందులో ఐదుగురు యవన రాజుల పేర్లు వస్తాయి. వాళ్లలో తులమయ అంటే ఈజిప్టు రెండో టాలమీ, థియోడోరస్‌ను రాయబారిగా పంపిన రాజు కొడుకు. మక అంటే ఈ సైరీన్ మాగస్సే. రాతలన్నీ పోయిన ఒక తత్వవేత్తకు ముసలితనంలో నీడ ఇచ్చిన పాలకుడి పేరు మన కర్నూలు జిల్లాలో చెక్కిన శాసనంలో వస్తుందంటే, గ్రీకు తత్వం మనకు సంబంధం లేని దూరపు సరుకు అనే మాట నాకు నోట రాదు. అయితే జాగ్రత్త, దీన్నుంచి థియోడోరస్ మాటలు అశోకుడి దాకా వచ్చాయని కథ అల్లొద్దు. అలా అనడానికి ఆధారం లేదు. ఇద్దరిదీ దగ్గరి కాలమని, మధ్యలో ఒక రాజు పేరు ఉమ్మడిగా ఉందని మాత్రమే పెన్నుతో రాయండి. ఎర్రగుడికి వెళ్లాలనుకుంటే చలికాలంలో పొద్దున్నే వెళ్లండి, నీళ్లు తీసుకెళ్లండి, ఏటవాలు వెలుగులో బ్రాహ్మీ అక్షరాలు బాగా తేలతాయి, దయచేసి అక్షరాల మీద సుద్దముక్కతో గీయొద్దు.

ఇప్పుడు అసలు కసరత్తు. ఒకే సంఘటనను నాలుగు చోట్ల ఎలా చెప్పారో పక్కపక్కన పెట్టి చూడటం. థియోడోరస్ విషయంలో దీనికి దొరికిన మంచి ఉదాహరణ లైసిమాకస్ బెదిరింపు.

సిసెరో క్రీ.పూ. 45లో రాసిన టస్కులన్ సంభాషణల మొదటి భాగంలో ఇలా ఉంటుంది: శిలువ వేయిస్తానని రాజు బెదిరిస్తే, ఇలాంటి భయాలు ఊదారంగు బట్టలు కట్టుకున్న నీ దర్బారువాళ్లకు పెట్టు, థియోడోరస్ నేలమీద కుళ్లినా గాల్లో కుళ్లినా థియోడోరస్‌కు ఒకటే, అన్నాడట. అదే పుస్తకం ఐదో భాగంలో అదే సిసెరో, అదే రాజు చంపుతానని బెదిరిస్తే థియోడోరస్ ఇంకో జవాబిచ్చాడంటాడు: విషప్పురుగుకు ఉన్నంత శక్తి సంపాదించావన్నమాట, ఎంత గొప్పపని చేశావయ్యా, అని. ఇంకో వందేళ్ల తర్వాత సెనెకా చెప్పినప్పుడు రాజు పేరు లేదు, ఎవరో ఒక నిరంకుశుడు, చంపి పూడ్చకుండా పడేస్తానంటాడు. జవాబేమో, నీ చేతుల్లో ఉన్నది నా ఒంట్లోని ఓ గిన్నెడు నెత్తురు, దానికి మురిసిపో, పూడ్చడం సంగతంటావా, నేలపైన కుళ్లుతానా కింద కుళ్లుతానా అన్నది నాకు పట్టింపని అనుకుంటే నీ అంత తెలివితక్కువవాడు లేడు, అని. ఇక డయోజెనీస్ దగ్గర చావు మాటే లేదు. మళ్లీ మా దగ్గరికి రావొద్దని రాజు అంటే, టాలమీ పంపితే తప్ప రాను అంటాడు, అంతే.

ఈ నాలుగూ నాలుగు పేజీల్లో రాసి పక్కపక్కన పరచండి. ఇందులో ఏది నిజం అని వెంటనే అడక్కండి. ముందు మారనిది ఏది అని చూడండి. రాజు ముందు నిలబడ్డాడు, బెదరలేదు, మాట పడలేదు. ఇది అన్నిట్లో ఉంది. తర్వాత మారింది ఎందుకు మారిందో చూడండి. సిసెరో మొదటి భాగంలో మాట్లాడుతున్నది చచ్చాక శవం ఏమైతే ఏముంది అన్న విషయం, కాబట్టి అక్కడ కుళ్లడం గురించిన జవాబు కావాలి. ఐదో భాగంలో మాట్లాడుతున్నది జ్ఞానికి ఏ బాధా పెద్దది కాదన్న విషయం, అక్కడ చంపగల శక్తిని చులకన చేసే జవాబు కావాలి. సెనెకాకు రెండూ కావాలి, రెండూ ఉన్నాయి. చెప్పేవాడికి ఏది అవసరమో థియోడోరస్ నోట అదే వచ్చింది. దీనర్థం వాళ్లు అబద్ధాలు రాశారని కాదు, వాళ్లు చరిత్ర రాయడం లేదు, ఒక మాట నిరూపించడానికి ఉదాహరణ తెస్తున్నారు. రాయబారిగా వెళ్లడం పెన్నుతో రాయండి, జవాబులు నాలుగూ పెన్సిలుతో రాయండి, నాలుగింటి రుచీ ఒకటేనని పక్కన రాసుకోండి, అది కూడా విలువైన సమాచారమే.

మంచి మాట ఒకటి ఉంటే అది పేరున్నవాళ్ల దగ్గరికి తనే వెళ్లి అతుక్కుంటుంది. కరోనా వచ్చినప్పుడు బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారంటూ వాట్సాప్‌లో పద్యం తిరగడం మీరూ చూసే ఉంటారు, మఠం ఉన్న కడప జిల్లాలో ఇంకా ఎక్కువగా తిరిగింది. 'విశ్వదాభిరామ' మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమన పద్యమైపోతుంది. గ్రీకుల దగ్గరా ఇంతే. లైసిమాకస్ ఖజానా చూసే మిత్రాస్ అనేవాడు, నువ్వు దేవుళ్లనే కాదు రాజుల్ని కూడా ఒప్పుకునేలా లేవే అంటే, దేవుళ్లకు గిట్టనివాడివని నిన్ను అనుకుంటున్నానే, మరి దేవుళ్లను ఒప్పుకోనట్టెలా అవుతుంది అని థియోడోరస్ అన్నాడని డయోజెనీస్ రెండో పుస్తకంలో ఉంది. అదే రచయిత ఆరో పుస్తకంలో దాదాపు ఇదే జవాబు తొట్టిలో బతికిన ఇంకో డయోజెనీస్ చెప్పాడని ఉంటుంది, కొందరు థియోడోరస్ అన్నాడంటారని పక్కనే ఒక ముక్క కూడా ఉంటుంది. ఇలా రెండు పేర్ల మధ్య ఊగే మాటలకు నోట్‌బుక్‌లో ఒక గుర్తు పెట్టుకోండి.

స్నేహితుడి మాటా శత్రువు మాటా అన్నది చూడటానికి హిపార్కియా కథ తీసుకోండి. ఆమె సినిక్ తత్వవేత్త, అంటే సంపదనూ లోకమర్యాదలనూ లెక్కచేయకుండా బతకాలన్న బడికి చెందినది, ఆ బడివాడే అయిన క్రేటీస్ భార్య. లైసిమాకస్ విందులో థియోడోరస్‌ను ఇలా పట్టుకుంది: థియోడోరస్ చేస్తే తప్పు కాని పని హిపార్కియా చేసినా తప్పు కాదు, థియోడోరస్ తనను తాను కొట్టుకుంటే తప్పు కాదు, కాబట్టి థియోడోరస్‌ను హిపార్కియా కొట్టినా తప్పు కాదు. ఆయనకు జవాబు దొరకలేదు, ఆమె పైబట్ట పట్టి లాగాడు. ఆమె ఉలిక్కిపడలేదు. మగ్గం దగ్గర నాడె వదిలేసి వచ్చిన ఆడమనిషి ఈమేనా అని ఒక నాటకంలోని మాట ఎత్తి దెప్పితే, నేనే, మగ్గానికి పోయాల్సిన కాలం చదువుకు పోశాను, అందులో నాకు తక్కువైందేమిటి అంది. ఎమ్మిగనూరులోనో ధర్మవరంలోనో మగ్గం ముందు పెరిగిన ఆడపిల్లలకు ఈ జవాబు ఎక్కడ తగులుతుందో నేను చెప్పక్కర్లేదు. నాకు ఈ కథ చాలా ఇష్టం. కానీ ఇది థియోడోరస్ గురించిన అధ్యాయంలో లేదు, సినిక్కుల అధ్యాయంలో, హిపార్కియాను మెచ్చుకుంటూ చెప్పిన చోట ఉంది. అక్కడ థియోడోరస్ పని ఓడిపోవడం. ఆయన బట్ట లాగాడా లేదా అన్నది మనం తేల్చలేం గానీ, ఆ బడివాళ్లు ఆయన్ను ఎలా చూశారో మాత్రం ఇది గట్టిగా చెబుతుంది. నోట్‌బుక్‌లో దీన్ని 'ఎదుటి పక్షం' కింద పెట్టండి, పారేయకండి.

నాస్తికుడు అన్న పేరు దగ్గరికి వద్దాం. ఇదే గట్టి చిక్కు. సిసెరో ఆయన్ను మీలోస్ దీవికి చెందిన డయాగొరస్ పక్కన నిలబెట్టి, దేవుళ్లు అసలే లేరన్నవాళ్లు వీళ్లు అంటాడు. సెక్స్టస్ ఎంపిరికస్ మాట ఇంకొంచెం కొలతగా ఉంటుంది, గ్రీకుల్లో దేవుళ్ల గురించి ఉన్న నమ్మకాలను ఆ పుస్తకంలో రకరకాల వాదనలతో పడగొట్టాడు అంటాడు. మూడో సాక్షి క్లెమెంట్, క్రైస్తవ పండితుడు. నాస్తికులని పేరుపడ్డ థియోడోరస్‌లాంటి కొందరు నిజానికి పద్ధతిగా బతికినవాళ్లని, ఆ దేవుళ్ల విషయంలో జరుగుతున్న పొరపాటును మిగతావాళ్లకంటే బాగా కనిపెట్టినవాళ్లని ఆయన వెనకేసుకొస్తాడు. ముగ్గురికీ ముగ్గురి అవసరాలున్నాయి. క్లెమెంట్‌కు పాత దేవుళ్లను దించాలి, అందుకు థియోడోరస్ పనికొస్తాడు. సిసెరోకు దేవుళ్లపై వచ్చిన అభిప్రాయాలన్నిటికీ ఒక చివర చూపించాలి, ఆ చివర ఈయన కూర్చుంటాడు. పుస్తకం పేరు, అందులో ఏం ఉందన్నది రెండూ చెప్పిన సెక్స్టస్ మాటకు నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను. ఆ మాట ప్రకారం ఆయన జనం కొలిచే దేవుళ్ల మీద నమ్మకాన్ని పడగొట్టాడు, అంతకుమించి ఏ దైవమూ లేదన్నాడా అన్నది తేలదు. వేమన సంగతి గుర్తు చేసుకోండి. రాతిపూజను అంత గట్టిగా ఎగతాళి చేసిన మనిషి లోపలి శివుణ్ని కాదనలేదు. ఆయన పద్యాలన్నీ పోయి, ఆయన మీద కోపం వచ్చిన పూజారులు రాసిన రెండు వాక్యాలే మిగిలి ఉంటే ఆయన కూడా ఉత్త నాస్తికుడిగానే మనకు దొరికేవాడు. మన చార్వాకులకు అచ్చంగా అదే జరిగింది, వాళ్ల సూత్రాలు పోయాయి, విజయనగర కాలంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహం మొదటి అధ్యాయంలో వాళ్లను పరిచయం చేసింది తర్వాతి దర్శనాలతో కాదనిపించడానికే.

ఏథెన్స్‌లో గొడవ ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఇంకో ముక్క చూడండి. రహస్య దీక్షలు ఇచ్చే పెద్ద పూజారి యూరిక్లిడీస్‌ను థియోడోరస్ అడిగాడు, దీక్షకు అపచారం చేసేవాళ్లు ఎవరు అని. దీక్ష తీసుకోనివాళ్లకు రహస్యం చెప్పేవాళ్లు అన్నాడు పూజారి. అయితే నువ్వూ చేస్తున్నావు, దీక్ష లేనివాళ్లకే కదా నువ్వు చెప్పేది, అన్నాడు థియోడోరస్. అక్కడ దేవుడు లేడన్న మాట లేదు, పూజారి నిర్వచనంతో పూజారినే పట్టుకోవడం ఉంది. ఏరియోపాగస్ దాకా వెళ్లబోయిన వ్యవహారం ఇదే. ఆయనకు విషం తాగే శిక్ష పడిందని ఆంఫిక్రటీస్ అనే ఇంకొకరు రాశారని డయోజెనీస్ చెబుతాడు. నేను దాన్ని నమ్మను, దేవుళ్ల కేసు అనగానే సోక్రటీస్ చావును తెచ్చి అతికించడం చాలా సులువు, పైగా తర్వాత టాలమీ, లైసిమాకస్, మాగస్ దగ్గర తిరిగిన జీవితం దాంతో పొసగదు.

ఇక సిద్ధాంతం. డయోజెనీస్ ఇచ్చిన సారం చాలా చిన్నది. జీవితంలో చివరి లక్ష్యం సంతోషం, తప్పించుకోవాల్సింది దుఃఖం, మొదటిది వివేకం వల్ల వస్తుంది, రెండోది తెలివితక్కువతనం వల్ల. వివేకం, న్యాయం మంచివి, వాటి ఎదుటివి చెడ్డవి. ఒంటి సుఖం, ఒంటి నొప్పి ఈ రెండిటికీ మధ్యలో ఉండేవి, అవి మంచీ కాదు చెడూ కాదు. ఇక్కడ ఆగి ఆలోచిస్తే ఆయన ఎంత దూరం జరిగాడో తెలుస్తుంది. అరిస్టిప్పస్ పరంపర అంటేనే ఒంటి సుఖమే మేలు అన్న బడి, ఆ బడిలో చదివి ఆ సుఖాన్నే మధ్యగదిలో కూర్చోబెట్టాడు. రాజు నా ఒంటికి ఏం చేసినా అది అసలు చెడు కాదన్నవాడికి లైసిమాకస్ బెదిరింపు ఎందుకు తగలదో ఇప్పుడు అర్థమవుతుంది. ఇలా ఒక కథ, ఒక సిద్ధాంతం, వేర్వేరు చేలల్లో దొరికినవి, ఒకదానికొకటి సరిపోయినప్పుడు పక్కన పెద్ద టిక్కు పెట్టండి.

స్నేహం లేదన్నాడు. తెలివిలేనివాళ్ల మధ్య అవసరం తీరగానే స్నేహం పోతుంది, జ్ఞాని తనకు తానే చాలు కాబట్టి వాడికి స్నేహితుడితో పనిలేదు. దేశం కోసం జ్ఞాని ప్రాణమివ్వడు, తెలివితక్కువవాళ్ల లాభం కోసం వివేకాన్ని పారేసుకోకూడదు, లోకమే అతని ఊరు. దొంగతనం, వ్యభిచారం, గుడిసొత్తు ఎత్తుకోవడం సమయాన్ని బట్టి చేయవచ్చు, ఇవి స్వభావంతో చెడ్డవి కావు, తెలివితక్కువవాళ్లను అదుపులో పెట్టే అభిప్రాయం తీసేస్తే అంతే. ఈ చివరి మాటకు చాలామంది మండిపడతారు, నాకూ మింగుడు పడదు. న్యాయం మంచిదన్న నోటితోనే దొంగతనం చేయవచ్చన్నాడా? రెండు దారులున్నాయి. ఆయన పుస్తకంలో ఒక ప్రశ్నగా, 'స్వభావంతో చెడ్డది' అనేది ఏదైనా ఉందా అన్న పరీక్షగా ఉన్నది కుదించేవాడి చేతిలో సలహాగా మారి ఉండొచ్చు, లేదా ఆయన నిజంగానే జ్ఞానికి ఏ కట్టూ లేదని చెప్పి ఉండొచ్చు. రెండూ పెన్సిలుతో రాయండి. నేను మొదటిదాని వైపు మొగ్గుతాను, ఎందుకంటే ప్లుటార్క్ దాచిన ఒక మాట ఉంది: నేను కుడిచేత్తో ఇస్తుంటే వినేవాళ్లు ఎడమచేత్తో పుచ్చుకుంటున్నారు అని థియోడోరస్ అనేవాడట. తన మాటలు తలకిందులుగా చేరుతున్నాయని ఆయనకే తెలుసు.

ప్రతుల్ని పోల్చడం మనకు కొత్త కాదు. 1820లో కడప వచ్చిన సి.పి. బ్రౌన్ ఇల్లు కొని, పండితులకు జీతాలిచ్చి, ఊరూరి తాళపత్రాలు తెప్పించి, ఒక పద్యానికి ఎన్ని పాఠాలున్నాయో పక్కపక్కన రాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరుమీదున్న గ్రంథాలయానికి వెళితే పాఠాంతరం అంటే ఏమిటో కళ్లారా చూడొచ్చు. మీ నోట్‌బుక్‌తో మీరు చేస్తున్నది అదే రకం పని, చిన్న మోతాదులో.

కొటేషన్ల విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. సూర్యాస్తమయం ఫొటో మీద థియోడోరస్ పేరుతో ఒక వాక్యం కనిపిస్తే, ఏ రచయిత, ఏ పుస్తకం, ఎన్నో పేరా అని అడగండి. ఫోనులో యాప్‌ను అడిగితే అది ధైర్యంగా ఒక వాక్యం తయారుచేసి ఇవ్వగలదు, దాన్నీ అదే ప్రశ్న అడిగి, చెప్పిన పేరా తెరిచి మీరే చూడండి. పేరా నంబరు లేని మాట నోట్‌బుక్‌లోకి రానివ్వొద్దు.

అన్నీ అయ్యాక థియోడోరస్ గురించి ఒక్క పేజీ రాయండి, ఒక్కటే. ఖాయంగా తెలిసింది, బహుశా అయి ఉండేది, కథగా మాత్రమే మిగిలింది, ఈ మూడూ కలవకుండా. రాసి మీ టీచర్‌కో, మీతో వాదించే స్నేహితుడికో ఇచ్చి, ఏ వాక్యం ఎక్కడిదో అడగమనండి. జవాబు చెప్పలేని వాక్యం కొట్టేయండి.

ఆ తర్వాత అన్నికెరిస్‌ను తీసుకోండి. అదే ఊరు, అదే బడి, థియోడోరస్ ఆయన దగ్గర పాఠాలు విన్నాడని డయోజెనీస్ చెబుతాడు, ఆయన రాతలూ మిగల్లేదు. ఆయన గురించిన ముక్క రెండో పుస్తకంలోనే థియోడోరస్‌కు కొంచెం ముందు ఉంటుంది, ఒక సాయంత్రం చాలు. స్నేహం ఉంటుందని, తల్లిదండ్రులకు కృతజ్ఞత చూపాలని, దేశం కోసం పని చేయాలని, స్నేహితుణ్ని లాభం కోసమే కాదు అభిమానం కోసం కూడా ఆదరిస్తామని, ఆ అభిమానం కోసం కష్టం కూడా పడతామని ఆయన చెప్పాడు. ఈ జాబితాను థియోడోరస్ పేజీ పక్కన పెట్టి వరసగా చదవండి. స్నేహం లేదు, దేశం కోసం చావక్కర్లేదు అన్న మాటలు గాల్లోకి అన్నవి కావని, గురువు చెప్పినవాటికే ఒక్కొక్కటిగా ఎదురు చెబుతున్నట్టున్నాయని అనిపిస్తుంది. పెన్సిలు తీసి మీ పేజీలో ఆ రెండు వాక్యాలు మళ్లీ రాయాల్సి వస్తుంది.